ఎర్ర పెయ్య, యూఫ్రటీసు, 666: ఇంకా నెరవేరవలసిన ప్రవచనాలు నిజంగా ఏవి?

వందనాలు అండి.

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ సంఘంలో మూడు రోజులు ఉజ్జీవ కూడికలు జరిగాయి. వచ్చిన ప్రసంగీకులు యెరూషలేముకు ఎర్ర పెయ్యలు చేరాయని, యూఫ్రటీసు ఎండిపోతోందని, ఇక నెరవేరవలసిన ప్రవచనాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయని చెప్పారు. అప్పటినుంచి మీ అమ్మగారు చెల్లెలికి బీటెక్ ఫీజు కట్టడం దండగ అంటున్నారు. నిజంగా మిగిలినవి ఏవి, అమ్మకి ఏమని చెప్పాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఇంకా జరగవలసి ఉందని క్రైస్తవ సంఘాలు దాదాపు అన్నీ ఒప్పుకునేవి నాలుగే: యేసు మళ్ళీ రావడం, చనిపోయినవారు లేవడం, తీర్పు, కొత్త ఆకాశం కొత్త భూమి. మూడో దేవాలయం, ఏడేళ్ళ శ్రమలు, సంఘం (అంటే విశ్వాసులు) ముందుగా ఆకాశానికి ఎత్తబడడం, మృగం ముద్ర, గోగు యుద్ధం, అక్షరాలా వెయ్యేళ్ళ పాలన, ఇవన్నీ బైబిలును ఏ పద్ధతిలో చదువుతున్నామన్నదాన్ని బట్టి ఉంటాయి. ఒక పద్ధతిలో జరగవలసిన సంగతి ఇంకో పద్ధతిలో పందొమ్మిది వందల ఏళ్ళ కిందటే జరిగిపోయింది. వేదిక మీద లిస్టు చదివి టిక్కులు పెట్టేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. చెల్లెలి ఫీజు మాత్రం గడువులోపు కట్టేయండి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా బైబిలు పాఠాలు చెప్పాను. పుట్టింది గుంటూరు వైపు లూథరన్ కుటుంబంలో. కుర్రతనంలో బ్రదరన్ కూడికల్లో పెరిగాను, తర్వాత రకరకాల సంఘాల్లో బోధించాను. టిక్కులు పెట్టేవాళ్ళని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు, ఎందుకంటే నేనూ పెట్టాను. 1981లో గ్రీసు చేరడంతో ఐరోపా ఉమ్మడి మార్కెట్‌లో దేశాలు సరిగ్గా పది అయ్యాయి. దానియేలు 7లోనూ, బైబిల్లో చివరి పుస్తకమైన ప్రకటన 13లోనూ పది కొమ్ముల మృగం ఉంది కదా. ఇంకేముంది! తెల్ల పాలిస్టర్ బట్ట మీద ఆయిల్ పెయింట్‌తో మృగాన్ని గీయించి, ఒక్కో కొమ్ము మీద ఒక్కో దేశం పేరు రాయించి, ఊరూరా సైకిల్ మీద మోసుకెళ్ళాను. 1986లో స్పెయిన్, పోర్చుగల్ కూడా చేరాయి. ఒక కూడిక అయ్యాక వెనక బెంచీలో కూర్చున్న పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు, దగ్గరకొచ్చి చాలా మర్యాదగా "అయ్యగారూ, పన్నెండు కొమ్ముల మృగం ఏ అధ్యాయంలో ఉందండీ?" అని అడిగారు. ఆ బట్ట తర్వాత మా ఇంట్లో చాలాకాలం వడ్ల బస్తాల మీద కప్పుకోవడానికి పనికొచ్చింది.

ఆ రోజు నుంచి ప్రవచనం చదవడం మానలేదు, వార్తాపత్రిక పక్కన పెట్టుకుని చదవడం మానేశాను.

ముందు ఆ నాలుగింటి సంగతి. ఆదివారం ఆరాధనలో విశ్వాస ప్రమాణం చెప్పే సంఘమైతే మీరు వీటిని ప్రతి వారం పలుకుతూనే ఉన్నారు: ఆయన సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి వస్తాడు, శరీర పునరుత్థానం ఉంది, నిత్యజీవం ఉంది. కతోలికులు, లూథరన్లు, సీఎస్ఐ, బాప్టిస్టులు, పెంతెకొస్తువారు, ఎవరూ వీటి దగ్గర గొడవపడరు. అపొస్తలుల కార్యములు 1:11లో ఒలీవల కొండ మీద దూతలు చెప్పిన మాట, 1 కొరింథీయులకు 15, యోహాను 5:28-29, ప్రకటన 21 వీటికి ఆధారం. గమనించారా, ఈ నాలుగింటిలో ఒక్కదానికీ టీవీ వార్తలతో పని లేదు.

మరి మిగతావాటి దగ్గర ఇన్ని తేడాలు ఎందుకు? ప్రకటన 20లోని వెయ్యి ఏండ్లనే తీసుకోండి. రెండో శతాబ్దంలో జస్టిన్, ఇరేనియస్ లాంటి సంఘ బోధకులు క్రీస్తు వచ్చి భూమి మీద అక్షరాలా వెయ్యేళ్ళు ఏలుతాడని నమ్మారు. ఐదో శతాబ్దానికి బిషప్ అగస్టీన్ వచ్చి, అది ఇప్పుడు నడుస్తున్న సంఘకాలానికే గుర్తు అన్నాడు. పడమటి సంఘం చాలావరకు అటే వెళ్ళింది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, అంటే మా లూథరన్లది, పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యం ఏలుతారన్న బోధను 17వ అంశంలో తోసిపుచ్చింది. ఇంకొందరు సువార్త వల్ల లోకం బాగుపడి, ఆ మంచి కాలం తర్వాత క్రీస్తు వస్తాడన్నారు. మూడు గుంపుల్లోనూ ప్రాణాలిచ్చిన భక్తులున్నారు. ఎవరి బైబిలూ చిన్నది కాదు.

మనవైపు కూడికల్లో వినిపించే క్రమం, అంటే ముందు సంఘం రహస్యంగా ఎత్తబడడం, తర్వాత ఏడేళ్ళ శ్రమలు, క్రీస్తు విరోధి, హార్‌మెగిద్దోను, ఆ తర్వాత వెయ్యేళ్ళు, ఇలా వరసగా పేర్చినది 1830లలో జాన్ నెల్సన్ డార్బీ అనే బ్రదరన్ బోధకుడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలులోని నోట్సు దాన్ని లోకమంతా తిప్పాయి. వాక్యం కిందే అచ్చయిన నోట్సు కదా, చదివేవాళ్ళకి వాక్యమేదో నోటేదో తేడా తెలియకుండా పోయింది. మన గోదావరి జిల్లాలకు ఈ బ్రదరన్ ఉద్యమంతో చాలా పాత చుట్టరికం ఉంది. 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుంచి వచ్చి నరసాపురం ప్రాంతంలో మొదలుపెట్టిందే గోదావరి డెల్టా మిషన్. ఆ మొదటి ఓడలోనే ఈ అంత్యకాల వరస గీసిన చార్టు కూడా దిగిందని నేననను. కానీ ఆ వాతావరణం మన కోస్తాలో బలంగా నాటుకుంది, అందుకే చాలామంది విశ్వాసులకు ఇదొక్కటే బైబిలు బోధ అనిపిస్తుంది. డార్బీకి ముందు పద్దెనిమిది వందల ఏళ్ళు కోట్లాది మంది ఈ వరస తెలియకుండానే రాకడ కోసం ఎదురుచూశారు.

ఎత్తబడుట గురించి నా మాట చెబుతాను, కోపగించుకోకండి. 1 థెస్సలొనీకయులకు 4:17లో మనం మేఘాల మీద కొనిపోబడతామని ఉంది, నేను నమ్ముతాను. దేనికి కొనిపోబడతాం? "ప్రభువును ఎదుర్కొనుటకు" అని మన తెలుగు బైబిలే చెబుతోంది. ఇదే గ్రీకు మాట మత్తయి 25:6లో కన్యకలు పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోవడానికి వెళ్ళే చోట ఉంది. అపొస్తలుల కార్యములు 28:15లో రోమా సహోదరులు పౌలును ఎదుర్కోవడానికి అప్పీయా సంతపేట దాకా వచ్చిన చోటా ఉంది. వాళ్ళు పౌలును కలిసి ఎటు వెళ్ళారు? వెనక్కి, రోముకే. మన పెళ్ళిళ్ళలో ఎదురుకోలు లేదూ? ఆడపెళ్ళివారు ఊరి పొలిమేర దాకా వెళ్ళి పెళ్ళికొడుకుని మేళతాళాలతో విడిదికి తీసుకొస్తారు. ఎదురెళ్ళినవాళ్ళు అటునుంచి అటే పెళ్ళికొడుకు ఊరికి వెళ్ళిపోయి ఏడేళ్ళు ఉండరు. కాబట్టి అక్కడ పౌలు చెబుతున్నది రాజు వస్తుంటే ఎదురెళ్ళి తోడ్కొని రావడమే అని నా అభిప్రాయం. రాకడ రెండు విడతలుగా ఉంటుందనడానికి ఆ వచనం చాలదు. ముందే ఎత్తబడతామని నమ్మే మంచి సేవకులు నాకు స్నేహితులు, వాళ్ళతో టీ తాగుతూ ఇదే వాదిస్తుంటాను.

ఇక మీ ప్రసంగీకులు చెప్పినవి.

ఎర్ర పెయ్య. 2022 సెప్టెంబరులో అమెరికాలోని టెక్సస్ నుంచి ఐదు ఎర్ర పెయ్యలు ఇజ్రాయెల్ చేరిన మాట నిజం. సంఖ్యాకాండము 19 ప్రకారం మచ్చ లేని, కాడి మోయని ఎర్ర పెయ్య బూడిదతో శుద్ధి చేసుకుంటేనే దేవాలయ సేవ సాధ్యమని కొందరు యూదుల నమ్మకం. రెండు వేరే రంగు వెంట్రుకలు కనిపించినా పనికిరాదని వాళ్ళ నియమం. 1987 నుంచి యెరూషలేములో ఒక సంస్థ దేవాలయ పాత్రలూ వస్త్రాలూ సిద్ధం చేస్తోంది. ఇంతవరకూ వార్త. కానీ ఎర్ర పెయ్య పుడితే అంత్యకాలమని బైబిల్లో ఎక్కడుంది? వెతకండి, దొరకదు. కొత్త నిబంధనలో ఆ పెయ్య బూడిద ప్రస్తావన హెబ్రీ 9:13లో ఉంది. అక్కడ రచయిత అంటున్నది, ఆ బూడిదకే శుద్ధి చేసే శక్తి ఉంటే క్రీస్తు రక్తానికి ఇంకెంత ఉండాలి అని. క్రైస్తవ వేదిక మీద పెయ్య కోసం చప్పట్లు కొట్టడం నాకు ఆ వచనానికి ఎదురెళ్ళినట్టే ఉంటుంది.

మూడో దేవాలయం కాస్త గట్టి వాదన. 2 థెస్సలొనీకయులకు 2:4లో పాపపురుషుడు దేవుని ఆలయంలో కూర్చుంటాడని ఉంది. ఆలయం క్రీ.శ. 70లో తీతు సైన్యం చేతిలో కాలిపోయింది. ఆ స్థలంలో 691-92 నుంచి ముస్లింల బంగారు గుమ్మటం (డోమ్ ఆఫ్ ద రాక్) నిలబడి ఉంది. కాబట్టి మళ్ళీ కట్టాలి అని, ఇవన్నీ ఇంకా జరగవలసినవే అని చదివేవారు అంటారు. రెండోవైపు వాళ్ళు, పౌలు ఆ ఉత్తరం రాసేనాటికి ఆలయం ఇంకా నిలిచే ఉంది, పైగా అదే పౌలు 1 కొరింథీయులకు 3:16లో సంఘాన్నే ఆలయం అన్నాడు అని గుర్తుచేస్తారు. రాళ్ళ ఆలయమా, సంఘంలో లోపలినుంచి పుట్టే భ్రష్టత్వమా? నేను రెండోదానివైపే మొగ్గుతాను, పందెం మాత్రం కాయను.

యూఫ్రటీసు. ప్రకటన 16:12లో ఆరో దూత తన పాత్రలోని దేవుని కోపాన్ని కుమ్మరించగానే ఆ మహానది నీళ్ళు ఇంకిపోతాయి. ఆ నది నీళ్ళు తగ్గిన మాట నిజమే. కారణం వెతకడానికి ప్రకటన దాకా వెళ్ళక్కర్లేదు. ఎగువన టర్కీ, సిరియా ఆనకట్టలు కట్టాయి, పైన కరవు. 1990 జనవరిలో అటాటర్క్ డ్యామ్ నింపడానికి టర్కీ నెల రోజుల పాటు నదిని ఆపేసింది. ఎండాకాలంలో ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణలో ఇసుక మేటలు చూసినవాళ్ళకి ఇది వివరించాలా? యోహాను మనసులో ఉన్నది బహుశా బబులోను పతనం. యిర్మీయా 50:38 కూడా బబులోను నీళ్ళు ఇంకిపోతాయంటుంది, క్రీ.పూ. 539లో పారసీక రాజు కోరెషు సైన్యం నదిని మళ్ళించి పట్నంలోకి దూరిందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. పాత బబులోను ఎలా కూలిందో కొత్త బబులోనూ అలాగే కూలుతుందన్న సూచన అది.

గోగు, మాగోగు గురించి ఒక్క మాట. యెహెజ్కేలు 38లో ఇశ్రాయేలు మీదికి దండెత్తే గోగు గురించి చెప్పేచోట ఉన్న "రోషు" అంటే రష్యా అని చిన్నప్పటినుంచి వింటున్నాం. హీబ్రూలో ఆ మాటకి తల, ముఖ్యుడు అని అర్థం. మెషెకు, తుబాలు అష్షూరు శాసనాల్లో కనిపించే జాతులే, ఇప్పటి టర్కీ ప్రాంతంవి. సోవియట్ యూనియన్ కూలినప్పుడు చాలామంది పుస్తకాలు తిరగరాసుకోవాల్సి వచ్చింది. పైగా ప్రకటన 20:8లో గోగు, మాగోగు వచ్చేది వెయ్యేళ్ళు అయ్యాక!

ప్రకటన 13:18లో మృగానికి చెప్పిన సంఖ్య 666 దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే జనం నిజంగా నష్టపోయింది ఇక్కడే. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. "నేరోన్ కైసర్" అని హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే 306, 360 కలిపి 666 వస్తుంది. చివరి నకారం తీసేసి "నేరో" అని రాస్తే యాభై తగ్గి 616 అవుతుంది. కొన్ని పాత ప్రతుల్లో ఆ సంఖ్య 616 అనే ఉంది. అందుకే యోహాను తన పాఠకులకు తెలిసిన ఒక క్రూర చక్రవర్తినే చూపిస్తున్నాడని చాలామంది పండితులు అంటారు. భవిష్యత్తులో అలాంటివాడే ఇంకొకడు వస్తాడనడానికి ఇదేమీ అడ్డు కాదు. రెండో శతాబ్దంలోనే ఇరేనియస్ ఈ సంఖ్యకు రెండు మూడు పేర్లు సరిపోతాయని చూపించి, ఆ పేరు మనకు తెలియాల్సి ఉంటే దర్శనం చూసినవాడే చెప్పి ఉండేవాడు కదా అని వదిలేశాడు. ఆయన తర్వాత ఎవరూ వదల్లేదు. లూథర్ పోపు అన్నాడు, తర్వాతివాళ్ళు నెపోలియన్ అన్నారు, ముస్సోలినీ అన్నారు, నా చార్టు రోజుల్లో గోర్బచేవ్ నుదుటి మచ్చ చూపించారు. ఆ తర్వాత బార్ కోడ్, ఆ తర్వాత ఆధార్, నిన్నగాక మొన్న కరోనా టీకా.

ఆధార్ వచ్చిన కొత్తలో మా క్లాసుకు వచ్చే ఒక పెద్దావిడ వేలిముద్రలు ఇవ్వనంటే ఇవ్వనని భీష్మించింది. రేషన్ ఆగింది, పింఛను ఆగింది. ఆమెను భయపెట్టిన బోధకుడు మాత్రం ఆధార్ తీసుకున్నాడు, ఆ సంగతి తర్వాత బయటపడింది. ఆమె దగ్గర కూర్చుని ప్రకటన 13వ అధ్యాయం ఆపకుండా 14లోకి చదివాను. 13:15లో మృగానికి మొక్కనివాళ్ళని చంపుతారని ఉంది, ఆ మొక్కుతో కలిసే ముద్ర వస్తుంది. అధ్యాయం మారగానే 14:1లో గొర్రెపిల్ల, అంటే క్రీస్తు, మనుషుల నుదుటి మీదా ఒక పేరు ఉంటుంది, తండ్రి పేరు. ఆ పేరుని ఎవరూ సూదితో పొడవరు కదమ్మా, ఎవరికి మొక్కుతున్నావన్నదే ఆ గుర్తు అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. మర్నాడు మీసేవకి తోడు రమ్మని కబురు పెట్టింది. తెలియకుండా, పొరపాటున, క్యూలో నిలబడి వేయించుకునే ముద్ర ప్రకటన గ్రంథంలో లేదు.

నిజంగా నన్ను ఆలోచింపజేసే, ఇంకా పూర్తి కాలేదని నేననుకునే వచనాలు వేరే ఉన్నాయి, వాటి మీద పెద్దగా పోస్టర్లు పడవు. మత్తయి 24:14: సువార్త సకల జనములకు సాక్ష్యార్థంగా ప్రకటించబడాలి. లోకంలో ఏడు వేల దాకా భాషలుంటే పూర్తి బైబిలు ఉన్నవి ఏడు వందల పైచిలుకే. రోమా 11:25-26: ఇశ్రాయేలు అంతా రక్షణ పొందుతుందని పౌలు చెప్పిన మర్మం. 1948 మే 14న దేశం ఏర్పడడమే దాని నెరవేర్పు అనేవాళ్ళున్నారు. పౌలు మాట్లాడుతున్నది సరిహద్దుల గురించి కాదు, రక్షణ గురించి. ఆ అర్థంలో అది ఇంకా ముందే ఉంది. అలాగే మత్తయి 24 మొత్తాన్ని భవిష్యత్తులోకి తోసేయకండి. రాయి మీద రాయి నిలవదన్నది 70లోనే అక్షరాలా జరిగింది, ఆ భాగం మన తాతల తాతలకు ముందే అయిపోయింది.

రాకడకు జనం పెట్టిన తేదీల సంగతి చెప్పకుండా ముగిస్తే మీ అమ్మగారికి ఉపయోగం ఉండదు. అమెరికాలో విలియం మిల్లర్ దానియేలు 8:14లోని 2,300 దినాలను సంవత్సరాలుగా లెక్కకట్టాడు. ఆ లెక్క మీదే చివరికి 1844 అక్టోబరు 22 అని తేలింది. జనం పంటలు కోయకుండా వదిలేసి ఎదురుచూశారు. 1948కి నలభై ఏళ్ళు కలిపి 1988 సెప్టెంబరు అన్నారు. 2011 మే 21 అన్నారు, అది తప్పితే అక్టోబరు 21 అన్నారు. 2025 సెప్టెంబరు 23-24 అని వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. వీటన్నిటిలో నేను మరిచిపోలేనిది దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28. ఉద్యోగాలు మానేశారు, ఆస్తులు అమ్మేశారు. తీరా ఆ బోధకుణ్ణి మోసం కేసులో పట్టుకుంటే, ఆయన కొనుక్కున్న బాండ్లు 1993లో మెచ్యూర్ అయ్యేవి.

మనకి కొరియా దాకా ఎందుకు? 2000 సంవత్సరం వస్తుందనగా నాకు తెలిసిన ఒకాయన ఎకరం పొలం అమ్మి గుడార సభలకు ఇచ్చేశాడు. తర్వాత అదే పొలానికి కౌలుకు వెళ్ళాడు. ఆయన విశ్వాసం పోలేదు, అది ఆయన గొప్పతనం. కొడుకు మాత్రం ఆ రోజు నుంచి చర్చి గుమ్మం ఎక్కలేదు.

అమ్మగారితో వాదానికి దిగకండి. ఆమెలో ఉన్నది మూఢత్వం కాదు, ప్రభువు వస్తాడన్న ఆశ. అది ఉండవలసిందే. 2 థెస్సలొనీకయులకు వ్రాసిన పత్రిక మూడే అధ్యాయాలు, కలిసి కూర్చుని ఒక్క బైఠక్కులో చదవండి. ఆ సంఘానికీ ఇదే వచ్చింది: ప్రభువు దినం వచ్చేసిందని ఎవరో చెప్పారు, కొందరు పని మానేసి తిరిగారు. పౌలు వాళ్ళని మెచ్చుకోలేదు, పని చేయనివాడు భోజనం చేయకూడదన్నాడు. అది అయ్యాక యిర్మీయా 28, 29. హనన్యా అనే ప్రవక్త బబులోను చెర రెండేళ్ళలో అయిపోతుందని చెప్పి జనాన్ని సంతోషపెట్టాడు. యిర్మీయా డెబ్బై ఏళ్ళన్నాడు, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి అని ఉత్తరం రాశాడు. దేవుని మాట ఎవరి నోట ఉందో ఆ రెండు అధ్యాయాలే చెబుతాయి.

అప్పటికీ ఆమెకు నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. ఆ ప్రసంగీకులకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, వచ్చే ఏడాది కూడికలకు తేదీలు ఖాళీ ఉన్నాయా అని అడగండి. డైరీ తీసి చూసి చెబుతారు. ఆ తర్వాత చెల్లెల్ని తీసుకుని ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి. సర్టిఫికెట్ల జిరాక్సులు రెండేసి సెట్లు తీసుకెళ్ళండి, అక్కడ లైన్లు పెద్దవిగా ఉంటాయి.